పెరటి పిట్టల పద్దు

మా అత్తగారికి ఒక అలవాటుండేది. వంటింటి గోడకి వేలాడే కేలండరే ఆవిడ ఖాతా పుస్తకం. పాలు రాని రోజున సున్నా, గ్యాసు బండ మార్చిన రోజున అడ్డగీత, చాకలి పద్దు, చుట్టాల రాకపోకలు, అన్నీ ఆ తేదీల గళ్లలోనే. వాటి మధ్య చీమతలకాయలంత అక్షరాల్లో ఇంకో రకం పద్దులు కూడా కనిపించేవి. "కోయిల మొదలెట్టింది." "వసారా దూలం మీద పిచిక గూడు." "కాటుక పిట్ట వచ్చింది."

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అవి చూసి నాలో నేను నవ్వుకున్నాను. బి.ఏ. చదివిన దాన్ని కదా! "పాల లెక్కంటే అర్థముంది గానీ, పిట్టల లెక్క ఎందుకండీ అత్తయ్యగారూ?" అనడిగేను.

"ఇంటికొచ్చినవాళ్లని పలకరించొద్దుటే?" అన్నారావిడ, బియ్యంలో రాళ్లు ఏరుతూనే.

ఏడాది తిరగ్గానే ఆ కేలండరు చుట్టచుట్టుకుని అటకెక్కేది. ఆవిడ పోయిన మరుసటి సంక్రాంతికి ఇల్లు దులుపుతూ, బూజు పట్టిన ఆ కట్టంతా దింపి పాత కాగితాలవాడికి తూకానికి వేసేశాను. ఎవరో కాదు, నేనే. వాడిచ్చిన డబ్బు ఆ పూట కూరలకి సరిపోయింది.

ఆ తర్వాత ఎన్నాళ్లకో దేవుడి అలమరలో పరిచిన కాగితం మారుద్దామని లాగితే, అది 1998 నాటి కేలండరు కాగితం. అక్టోబరు నెల. నూనె మరకల మధ్య నాలుగో తేదీ గడిలో ఆవిడ అక్షరాలు: "కాటుక పిట్ట వచ్చింది. ఈ ఏడు ముందే."

నేను కాపురానికొచ్చిన మరుసటి ఏడది. నెలంతా నా కళ్లెదుటే వేలాడిన కాగితం! నేను చదవలేదు. సరే, చదవలేదు పొండి. కానీ "ముందే" అన్న ఆ ఒక్క మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ముందే అని చెప్పాలంటే అంతకు ముందు సంవత్సరాల తేదీలన్నీ తెలిసుండాలి కదా! పాతికేళ్ల పైబడిన లెక్కది. ఆ లెక్కని నేను కిలోల చొప్పున అమ్మేశాను.

ఆ బాధలోనే పిట్టల పుస్తకాలు తెప్పించుకుని చదవడం మొదలెట్టాను. చదవగా చదవగా నా దురదృష్టంలో నాకో తోడు దొరికాడు. ఎవరనుకున్నారు? మనం చిన్నప్పుడు చరిత్ర పాఠంలో బట్టీపట్టిన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో కాంగ్రెసు సభని పుట్టించినవారిలో ఒకడని మాత్రమే మనకి తెలుసు. అంతకు ముందు ఆయన ఈ దేశపు పక్షుల మీద అంత పని చేసినవాడు ఇంకొకడు లేడట. సిమ్లాలోని తన ఇంట్లో ఏకంగా ఒక పక్షుల మ్యూజియమే పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి రాసిన కాగితాల కట్టలన్నీ ఆయన ఇంట్లో లేని సమయం చూసి ఒక నౌకరు చిత్తుకాగితాల కింద బజార్లో అమ్మేశాడు. ఏ కొట్లో బెల్లం పొట్లాలయ్యాయో పాపం! హ్యూమ్ మనసు విరిగిపోయి, 1885లో తన సేకరణంతా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. పక్షుల చర్మాలూ గుడ్లూ కలిపి 82 వేల దాకా ఉన్నాయట.

చర్మాలూ గుడ్లూ అన్నాను, గమనించారా? ఆ రోజుల్లో పిట్టని తెలుసుకోవడమంటే తుపాకీతో కొట్టడమే. కొట్టి, చర్మం ఒలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టేవారు. మా అత్తగారి పద్దులో ఉన్నవన్నీ బతికున్న పిట్టలు. వచ్చినవీ, వెళ్లినవీ, మళ్లీ రాబోయేవీను. ఇదీ అదీ రెండూ చరిత్రే. ఒకటి మ్యూజియానికి చేరింది, రెండోది వంటింటి గోడ దాటలేదు. మరి ఆ రెండో రకం చరిత్రకి పుస్తకాల్లో చోటుందా లేదా అని వెతకడమే నాకు పనైపోయింది.

ఈలోగా మా అబ్బాయి ఉద్యోగంలో చేరిన మొదటి దీపావళికి నాకో కెమెరా తెచ్చాడు. ఏనుగు తొండంలా ముక్కు ముందుకు సాగే రకం. "అమ్మా, నువ్వెప్పుడూ పిట్టల గోలేగా, ఫొటోలు తీసుకో" అన్నాడు. మొదటి నెల్లో మూడొందల ఫొటోలు తీశాను. కొమ్మలు చాలా బాగా వచ్చాయి. పిట్టలే లేవు! నేను మీట నొక్కేలోపు అవి ఎగిరిపోయేవి. మావారు అవన్నీ ఓపిగ్గా చూసి, "మన జామచెట్టు మంచి కళగా ఉందోయ్" అన్నారు.

ఫాల్గుణం వచ్చింది. పక్కింటివాళ్ల మామిడిచెట్టు మీద కోయిల మొదలెట్టింది. ఆ వారంలోనే మా బొప్పాయి చెట్టు మీద ఒక వింత పిట్ట వాలి పండు పొడుచుకు తింటోంది. ఒంటినిండా తెల్లచుక్కలు, తోకమీద చారలు, ఎర్రటి కళ్లు. నా అదృష్టం కొద్దీ అది కదల్లేదు, ఫొటో పడింది. మావారు డేగన్నారు. పక్కింటి పిన్నిగారు ఏదో అడవి పిట్టన్నారు. పుస్తకంలో చూద్దును గదా, ఆడ కోయిల!

అంటే ఇన్నేళ్లూ "కుహూ" అని గొంతు చించుకున్నది మగవాడన్నమాట. నల్లగా నిగనిగలాడేదీ వాడే. ఆడదానికి ఆ పాట లేదు, "కిక్ కిక్" మని గాభరాగా అరుస్తుంది, అంతే. సందు చూసుకుని కాకి గూట్లో గుడ్డు పెట్టేసి వెళ్లిపోతుంది. నా నవలల్లో కనీసం ముగ్గురు నాయికలు కోయిలల్లా పాడారు. ఎడిటరుగారూ పట్టుకోలేదు, ఉత్తరాలు రాసే పాఠకులూ పట్టుకోలేదు. పట్టుకున్నది కెమెరా.

కెమెరా రాకముందు బొమ్మ గీయించుకోవాల్సి వచ్చేది. నందకుమారుడికి ఉరిశిక్ష వేసిన ఎలిజా ఇంపే పేరు వినే ఉంటారు. కలకత్తా సుప్రీం కోర్టులో ప్రధాన న్యాయమూర్తి. ఆయన భార్య మేరీ ఇంపే తమ తోటలో పక్షుల్నీ జంతువుల్నీ పెంచుకుని, 1777 నుంచి పాట్నా చిత్రకారులు ముగ్గుర్ని పెట్టుకుని వాటి బొమ్మలు వేయించింది. షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామదాస్ అని వాళ్ల పేర్లు. మూడొందలకు పైగా బొమ్మలు తయారైతే, వాటిలో సగానికి పైగా పక్షులవే. హిమాలయాల్లో ఉండే రంగురంగుల మోనాల్ పక్షి శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ఆవిడ ఇంటిపేరుంది. తుపాకీ పట్టకుండా, ఇంటి తోట దాటకుండా శాస్త్రంలోకి వెళ్లిన ఆడవాళ్లలో ఆవిడ ముందు వరసలో ఉంటుంది.

బొమ్మల తర్వాత కెమెరాలొచ్చాయి. ఇంగ్లండులో ఎమ్మా టర్నర్ అనే ఆవిడ నార్‌ఫోక్ చిత్తడి నేలల్లో ఒక పడవింట్లో కాపురం పెట్టి పక్షుల్ని ఫొటోలు తీసేది. మోపెడంత బరువుండే గాజు పలకల కెమెరాలవి. నడుంలోతు రెల్లుగడ్డిలో దాక్కునే బిట్టర్న్ అనే కొంగజాతి పక్షి ఆ దేశంలో గూళ్లు పెట్టడం మానేసిందని అందరూ ఆశ వదులుకున్నారు. 1911లో ఆవిడ దాని పిల్లని ఫొటో తీసి చూపించింది. పిల్ల ఉందంటే తల్లి ఉన్నట్టే కదా! వెనుకటి రోజుల్లో అయితే ఆ రుజువు కోసం ఆ పిల్లని చంపి పట్టుకెళ్లేవారు.

వానలు పడ్డాయంటే మా వీధి చివరి ఈతచెట్టుకి గిజిగాడి గూళ్లు వేలాడతాయి. జాషువాగారి "గిజిగాడు" పద్యాలు చదువుకుని పెరిగినవాళ్లం కాబట్టి ఆ పిట్ట పనితనం మనకి కొత్త కాదు. కానీ దాని సంసారం గుట్టు మాత్రం 1930లో గానీ పూర్తిగా బయటపడలేదు. సలీం ఆలీ జర్మనీలో చదువుకుని తిరిగొచ్చేసరికి మ్యూజియంలో ఉద్యోగం లేదు. బొంబాయి దగ్గర కిహిం అనే సముద్రపొడ్డు పల్లెలో, భార్య తెహ్మీనాతో కలిసి కాపురమున్నారు. ఇంటికి దగ్గర్లోనే గిజిగాళ్ల గూళ్లున్నాయి. ఉద్యోగం లేని మగవాడు ఏం చేస్తాడు? వీధరుగు మీద కూర్చుని ఊరి రాజకీయాలు మాట్లాడతాడు. ఆయన కూర్చుని గూళ్లని చూశాడు.

చూస్తే తేలిందేమిటంటే, గూడు కట్టేది మగపిట్ట. సగం కట్టి ఆపుతుంది. అప్పుడు ఆడపిట్టలొస్తాయి, మనం అద్దె ఇల్లు చూసినట్టే లోపలికి వెళ్లి, అటూ ఇటూ లాగి చూసి, నచ్చకపోతే వెళ్లిపోతాయి. నచ్చితే ఆ గూట్లోనే కాపురం, మగపిట్ట మిగతా సగం పూర్తిచేస్తుంది. వినడానికి ఎంత బాగుంది! ఆ పక్కనే తిరకాసుంది. ఈవిడ గుడ్ల మీద కూర్చోగానే ఆయనగారు ఇంకో గూడు మొదలెడతాడు, ఇంకో ఆవిడ కోసం. ఈ వివరాలు 1931లో అచ్చయ్యాయి. ఆయనకి పేరు తెచ్చిన పని అదే. అదే ఏడాది నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకి బయల్దేరితే, ఆ అడవి మకాముల్లో తెహ్మీనాగారు కూడా వెంట ఉన్నారు. సర్వే పత్రాల మీద పేరు మాత్రం ఆయనదే.

దసరాకి పాలపిట్ట. మా అమ్మమ్మగారి ఊళ్లో జమ్మిచెట్టు దగ్గర పూజయ్యాక పిల్లలందరం పొలాల వెంట పరిగెత్తేవాళ్లం, ముందెవరు చూస్తారా అని. తీగ మీద కూర్చుంటే మట్టిరంగు పిట్ట. ఎగిరితే చాలు, రెక్కల్లో నీలమంతా విచ్చుకునేది. ఇప్పుడు పట్నాల్లో పొలాలూ లేవు, పాలపిట్టా లేదు. అంచేత కొందరు దాన్ని పట్టి, రెక్కలు బిగగట్టి, పంజరంలో పెట్టి ఇల్లిల్లూ తిప్పుతారు. చూసి దణ్ణం పెట్టుకుంటే డబ్బులు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఒక దసరాకి మా ఇంటి ముందుకూ వచ్చాడొకడు. ఫొటో తీద్దామని కెమెరా ఎత్తాను. అద్దంలోంచి చూస్తే ఆ పిట్ట నోరు తెరుచుకుని రొప్పుతోంది. ఫొటో తియ్యలేదు. డబ్బులూ ఇవ్వలేదు. "పండగపూట పాలపిట్ట గుమ్మంలోకొస్తే వెనక్కి పంపావే!" అని పిన్నిగారు నొచ్చుకున్నారు.

ఆవిడకి ఒక కథ చెప్పాను, మీకూ చెబుతాను. నూరేళ్ల కిందట అమెరికా దొరసానులకి టోపీల్లో పక్షి ఈకలు పెట్టుకోవడం మహా సరదా. ఒక్కోసారి పిట్టకి పిట్టనే కుట్టేసేవారు. ఈ సరదాకి కొంగలు లక్షల్లో చచ్చాయి. 1896లో బోస్టన్‌లో హారియట్ హెమెన్‌వే అనే సంపన్న గృహిణి ఈ సంగతి పేపర్లో చదివి, మిన్నా హాల్ అనే తన బంధువుతో కలిసి కూర్చుంది. ఊళ్లో పెద్దింటి ఆడవాళ్ల జాబితా తీసి, ఒక్కొక్కరినీ టీకి పిలవడం మొదలెట్టారు. మన పేరంటాల లాంటివే. టీ ఇచ్చి, ఈక వెనకాల కథ చెప్పి, ఇక పెట్టుకోమని మాట తీసుకునేవారు. అలా సుమారు 900 మంది ఆడవాళ్లు కలిశారు. వాళ్లతోనే అక్కడ పక్షి రక్షణ సంఘం పుట్టింది. ఆ తర్వాత చట్టాలొచ్చాయి.

"ఇంతకీ ఏమంటావూ?" అన్నారు పిన్నిగారు.

"ఆ వచ్చేవాడికి మనం డబ్బులివ్వడం మానేస్తే, వాడు పిట్టల్ని పట్టడం మానేస్తాడంటున్నానండీ."

ఆవిడ ఏమీ అనలేదు. మరుసటి దసరాకి మాత్రం వాడు మళ్లీ వస్తే, నాకంటే ముందు ఆవిడే వాణ్ణి కేకలేసింది.

కార్తీకం దగ్గరపడుతుండగా పొద్దున్నే అంట్లు తోమే గట్టు దగ్గర కాటుక పిట్ట దిగుతుంది. తెల్లటి మొహం, మెడకింద నల్లటి మచ్చ, క్షణం ఆగకుండా పైకీ కిందకీ ఆడే తోక. హిమాలయాల నుంచీ ఆ అవతల నుంచీ ఇంత చిన్న ప్రాణి ఎగిరొచ్చి, మా పెరట్లో చిందిన నీళ్ల దగ్గర పురుగులేరుకు తింటుంది. వేసవి ముదరకముందే వెళ్లిపోతుంది. పోయిన ఏడు అక్టోబరు 19న వచ్చింది. అత్తగారి కాగితంలో నాలుగో తేదీ. పదిహేను రోజులు ఆలస్యమా? ఏమో, చెప్పలేను. రెండు తేదీలతో ఏం చెప్పగలం? మధ్యలో పాతిక తేదీలుంటే చెప్పేదాన్ని.

ఆ పాతిక తేదీల విలువేమిటో తెలిసిన ఒకావిడ ఉంది. మార్గరెట్ నైస్. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కొలంబస్ పట్నం. ఇంటెడు పిల్లలు, వంటా వార్పూ అన్నీ ఆవిడే. ఇంటి పక్కన నది, మధ్యలో తుప్పలు పెరిగిన బీడు. అక్కడి పాట పిచికల కాళ్లకి రంగు కడియాలు తొడిగి, 1928 నుంచి ఏ పిచిక ఏదో గుర్తుపట్టి, ఎప్పుడొచ్చింది, ఎవరితో జతకట్టింది, ఎక్కడ గూడు పెట్టింది, ఎన్ని పిల్లలు బతికాయి అని రోజూ రాసింది. ఆ రాతలు 1937లోనూ 1943లోనూ రెండు సంపుటాలుగా వచ్చాయి. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు వాటిని నెత్తిన పెట్టుకున్నారు. ఆవిణ్ణి ఎవరైనా వట్టి గృహిణి అంటే మాత్రం ఒప్పుకునేది కాదట. జంతుశాస్త్రం చదువుకున్నదాన్నని గట్టిగా చెప్పేదట.

మన దేశంలో రాంచీలో జమాల్ ఆరా ఉండేవారు. ఆవిడ చదువు పదో తరగతి దాకానే. ఛోటానాగ్‌పూర్ అడవుల్లోనూ ఊళ్లోనూ పక్షుల్ని చూసి, పత్రికలకీ శాస్త్ర సంచికలకీ దశాబ్దాల పాటు రాశారు. నేషనల్ బుక్ ట్రస్టు 1970లో వేసిన ఆవిడ పిల్లల పుస్తకం "వాచింగ్ బర్డ్స్" చదివే చాలామంది పిల్లలు పిట్టల్ని చూడ్డం నేర్చుకున్నారు. 1988 తర్వాత ఆవిడ రాతలు ఆగిపోయాయి. 1995లో పోయారు. ఆవిడెవరో, ఏమయ్యారో పక్షుల్ని ప్రేమించేవాళ్లకే చాలాకాలం తెలియలేదు. 2023లో వచ్చిన ఒక పుస్తకంలో గానీ ఆవిడ జీవితం వివరంగా అచ్చు కాలేదు. రాసినావిడ గతే ఇలా అయితే, రాయనివాళ్ల మాటేమిటి?

నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ దొర 1862 నుంచి 1864 వరకు అచ్చయిన తన పక్షుల గ్రంథంలో లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా వేశాడు. ఆ పేర్లు చెప్పిన తెలుగువాళ్లు ఎవరో మనకి తెలీదు. ఆయన పేరు మోసే ఒక పిట్టని 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరూ చూడలేదు, ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో సిద్ధవటం దగ్గర అది మళ్లీ దొరికింది. పట్టిచ్చినవాడు ఆ ప్రాంతపు పిట్టల వేటగాడు. శాస్త్రానికి పోయిన పిట్ట ఊరివాళ్లకి పోలేదు. దాన్ని వాళ్లు కలివికోడి అంటారు. వాళ్లని అడిగినవాళ్లు లేరు, అంతే.

ఇప్పుడు అడుగుతున్నారండీ! అందుకే ఇదంతా రాస్తున్నాను. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల్ని లెక్కపెడతారు. మన దేశంలో 2013 నుంచీ జరుగుతోంది. కనీసం పావుగంట కూర్చుని, కనిపించిన పిట్టల పేర్లూ సంఖ్యా రాసి పంపడమే. ఇలాంటి లెక్కలు, ఏడాది పొడుగునా మామూలు మనుషులు రాసినవి, సుమారు 30 వేల మందివి, 3 కోట్ల దాకా పోగుచేసి 2023లో భారతదేశపు పక్షుల స్థితి మీద ఒక నివేదిక వేశారు. కోయిలలు బాగా పెరిగాయని అందులో ఉంది. 30 శాతానికి పైగా తగ్గిపోయిన 14 జాతుల్లో మన పాలపిట్ట కూడా ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి! ఆంధ్రప్రదేశ్‌కీ అదే ఉండేది, 2018లో రామచిలుక దాని చోటుకొచ్చింది. ఊరూరా తగ్గుతున్న పిట్టని "ఈ ఏడెందుకో కనబళ్లేదు" అని మన ఆడవాళ్లు వంటింట్లో అనుకునే ఉంటారు. తేదీ వేసి రాసినవాళ్లుంటే ఇంకా ముందే తెలిసేది.

ఫొటోల సంగతంటారా, ఇప్పుడు పిట్టలు కూడా పడుతున్నాయి. నీళ్ల తొట్టి దగ్గర ముక్కాలి పీట వేసుకుని, కదలకుండా, పిట్టే దగ్గరికొచ్చేదాకా కూర్చోవడం నేర్చుకున్నాను. గూడు జోలికి మాత్రం వెళ్లను. ఫొటో కోసం కొమ్మలు వంచితే కాకికి దారి చూపించినట్టే.

ఈ జనవరిలో ఒక పెద్ద గళ్ల కేలండరు కొని వంటింట్లో అదే మేకుకి తగిలించాను. పాల పద్దు ఇప్పుడు లేదు, పేకెట్లొస్తున్నాయి. గ్యాసు ఫోన్లోనే బుక్కవుతోంది. గళ్లన్నీ పిట్టలకే. దేవుడి అలమరలో దొరికిన ఆ 1998 కాగితాన్ని అక్టోబరు పేజీ వెనక అంటించాను.

మొన్న పండక్కి వచ్చిన మా అబ్బాయి అది చూసి, "ఇదంతా ఫోన్లో రాసుకోవచ్చుగా అమ్మా" అన్నాడు. ఫోన్లోనూ రాస్తున్నానన్నాను. "మరి గోడమీద ఎందుకు?" అన్నాడు.

"రేపు నీ పెళ్లాం వచ్చి నవ్వుకోవాలి కదురా" అన్నాను. "నవ్వుకుంటూనైనా చదువుతుంది."